మాట్లాడే కంప్యూటర్

"సంతకం పెట్టనమ్మా. ఈ పని కొంపల్లి కంపెనీకే ఇస్త" అని లక్ష్మణ్‌రెడ్డి కాగితాలు వెనక్కి నెట్టాడు.

శామీర్‌పేటలో ఆయన కట్టించిన ఆసుపత్రి అది. రోగుల వివరాలు అడిగి రాసుకునే సాఫ్ట్‌వేర్ ఎవరితో చేయించాలో ఇవాళ తేలిపోవాలి. ఎదురుగా ఆ పని తనకిమ్మంటున్న సాయిప్రియ ఉంది. ఈ ఓపీ గదిలోనే ఒక్క కంప్యూటర్ పెట్టుకుని కొన్ని వారాలుగా ఆమె పనిచేస్తోంది.

"వాళ్లేమన్నరో తెలుసా? కావలసినయన్ని ఒక్కపారే రాసియ్యుర్రి, ఏడాదికి మొత్తం తయారు జేసి అప్పజెప్తమన్నరు. ఇల్లు కట్టాలంటే ముందుగాల నక్ష గియ్యాలె. నువ్వేమో ఇంత చేసుడు, పేషెంట్లకు చూపెట్టుడు, మళ్ల మార్చుడు. గిదేం పద్ధతి?"

"గోడ వంకరొస్తే పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చండి. ఇక్కడ తప్పు జరిగితే మనిషే పోతాడు. అందుకే కొంచెం కొంచెంగా, వాళ్ల ముందు పెట్టి చూసుకుంటూ చేద్దామంటున్నాను."

"మాటలు మస్తుగ చెప్తవ్."

క్యాంటీన్‌లో ఎవరో పోపు పెట్టారు. ఎండుమిర్చి ఘాటు గది దాకా వచ్చింది. దాని వెనకే అలియాబాద్ నర్సమ్మ వచ్చింది, కొంగులో జామపండ్లతో.

"మొన్న నా పానం కాపాడిన కంప్యూటర్ గిదేనా బిడ్డా?"

"కంప్యూటర్ కాపాడుడేంది అవ్వా?" అన్నాడు లక్ష్మణ్‌రెడ్డి.

"కాలికి దెబ్బ తాకి వచ్చిన పటేలా. 'మీకు ఔషధ అలర్జీలు ఉన్నాయా' అనడిగింది. నాకేం సమజైతది? లేవన్న. అది ఊకున్నదా? 'అవ్వా, ఎన్నడన్న సూది ఏస్తే ఒళ్లంత దద్దుర్లు లేసినయా? ఊపిరాడలేదా?' అని మళ్ల అడిగింది. అప్పుడు యాదికొచ్చింది. డాక్టరమ్మ జల్దీ సూది మార్చింది. లేకుంటే గియ్యాల్టికి నా ఫొటోకు దండ పడేది."

ఆమె జామపండ్లు కంప్యూటర్ ముందు పెట్టి దండం పెట్టింది.

మొదటి ప్రశ్న లక్ష్మణ్‌రెడ్డి ఆఫీసు రాసిచ్చిందే. "రెండోది దానంతట అదే అడిగిందా?" అన్నాడు.

"సార్, అసలు సంగతేంటంటే..."

"ఆగమ్మా. దీనికి గింత తెలివున్నదని ముందే చెప్పొద్దా?" అని ఆయన పెన్ను తీశాడు.

కంప్యూటర్ తుమ్మింది.

పెన్ను ఆగిపోయింది. ఒంటి తుమ్ము వినబడితే ప్లాటు రిజిస్ట్రేషన్ కూడా ఆపేసే మనిషి ఆయన.

సాయిప్రియ లేచి, వెనకున్న తెర పక్కకు లాగింది. అక్కడ నర్సు దుర్గమ్మ మైకు పట్టుకుని, ముక్కు తుడుచుకుంటూ కూర్చుని ఉంది.

"ప్రోగ్రాం ఇంకా రాయలేదండి. ఏం అడగాలో, ఎలా అడగాలో ముందు దుర్గమ్మగారితో అడిగించి తెలుసుకుంటున్నాం. తెలిశాకే రాస్తాం. అదే మా పద్ధతి."

నర్సమ్మ జామపండ్లన్నీ తీసి దుర్గమ్మ ఒళ్లో పోసింది. "నువ్వా బిడ్డా! నూరేండ్లు సల్లగుండు."

"మా ఆఫీసు రాసిచ్చిన ప్రశ్నతోనే ఊకుంటే నీ ఫొటోకు దండ పడేదే అవ్వా" అన్నాడు లక్ష్మణ్‌రెడ్డి. కాగితాలు దగ్గరికి లాక్కుని, వాటి మీద పెన్ను ఆనించి, నర్సు వైపు తిరిగాడు.

"దుర్గమ్మా, జర ఇంకోపారి తుమ్ము బిడ్డా. జంట తుమ్ములకు దోషం లేదు, సంతకం పెడ్త."