రంగు రాలేదు

లింగమూర్తి లాంటి మొగుడు పగవాళ్లకు కూడా వద్దని కనకవ్వ అభిప్రాయం.

ఆమెకు చలిజ్వరం వస్తే మాత్ర మింగి పడుకొమ్మన్నాడు. బర్రె మేత మానేస్తే మాత్రం తాను అన్నం మానేశాడు. బొగ్గుబాయిలో రిటైరైనప్పటి నుంచి అతనికి ఆ బర్రే డ్యూటీ.

ఇప్పుడది ఎముకలు తేలి నిలబడింది. కార్జం కుళ్లింది, ఇక బతకదన్నాడు పక్క క్వార్టర్ ఆగయ్య. ఆయన మాటకు సగం కాలనీ తలూపుతుంది. మిగతా సగం షిఫ్టులో ఉంటుంది.

చచ్చేలోపే కోతకు అమ్మాలని తేలింది. పశువుల బేరగాడు అలీముద్దీన్ ట్రాలీ పంపుతానన్నాడు.

ట్రాలీ కంటే ముందు స్కూటీ వచ్చింది. దిగినామె పశువుల డాక్టరునంది. పేరు ఎవరూ అడగలేదు. అమ్మేముందు కార్జం పరీక్ష చేస్తానంది, పైసలొద్దంది. పైసలొద్దనగానే ఆగయ్యకు అనుమానం వచ్చింది.

ఆమె బర్రె మెడనరంలోకి ఒక రంగుమందు ఎక్కించింది. బాగున్న కార్జం ఆ రంగును రక్తంలోంచి ఊడ్చేస్తుందనీ, చెడిన కార్జానికి ఆ శక్తి ఉండదనీ చెప్పింది. కాసేపాగి మెడ రెండో పక్క నుంచి రక్తం తీసి, చిన్న మిషన్లో తిప్పి, పైకి తేలిన తేటను గాజు గొట్టంలో పోసింది. రంగు ఇంకా మిగిలుంటే, మరో మందు చుక్క పడగానే అది ఊదాగా మారుతుందట.

సందు మొదట్లో ట్రాలీ హారన్ మోగింది.

చుక్క పడింది. అందరి తలలూ గొట్టం మీదికి వంగాయి. 

తేట తేటగానే ఉంది.

"రంగు రాలే," అన్నాడు ఆగయ్య.

"రాకపోవుడే మంచిది కాకా," అందామె లింగమూర్తితో. "కార్జం సాఫ్‌గ ఉన్నది. కడుపుల ప్లాస్టిక్ కవర్లు ఇరికినట్టున్నయి. కోసి తీస్త. బర్రెను అమ్మకు."

లింగమూర్తి గొట్టాన్ని ఎండకు పట్టి చూశాడు. మళ్లీ చూశాడు.

"ఎక్కించిన రంగునే చూపియ్యలేకపోతివి. నీ చేతికి కత్తెట్ల ఇస్త బిడ్డా?"

ఆమె ఇంకేదో చెప్పబోయింది. ఆగయ్య అప్పటికే పలుపు విప్పాడు.

ట్రాలీ ఎక్కుతూ బర్రె వెనక్కి చూసింది. లింగమూర్తి చూడలేదు.

ఎండాకాలంలో చుట్టాల పెళ్లికని మందమర్రి పోయినప్పుడు, ఒక పాలాయన కొట్టం ముందు అతనికి తన బర్రె కనబడింది. నున్నగా మెరుస్తోంది. పక్కనే అలీముద్దీన్ చాయ్ తాగుతున్నాడు.

"కోతకని కొన్నవు గద భాయ్?"

"కోతకు పంపితే ఇంట్ల అన్నం ముట్టనన్నది. కడుపు కోసి కవర్లు తనే తీసింది. లేచి నిలవడ్డంక ఈయనకు అమ్మిన."

"ఎవరు?"

"ఆ దినం మీ ఇంటికొచ్చిన డాక్టరే. నా బిడ్డ బుష్రా. నా బేరం చెడగొట్టనీకే వచ్చింది. నువ్వు చెడగొట్టనియ్యలే."

లింగమూర్తి బర్రె వీపు నిమిరాడు.

"బాయిల దీపం మంటకు నీలం రంగు రాకుంటేనే గ్యాసు లేదని ముందటికి అడుగేసెటోన్ని భాయ్. అసొంటోన్ని, రంగు రాలేదని బర్రెను తోలిన. తప్పు నాదే."