పొరలో సందు

ఆ పొద్దున మబ్బు చేని మీదికి వచ్చి, చినుకైనా రాల్చకుండా ఆంధ్రా వైపు వెళ్లిపోయింది.

వేరుశనగ పీకుతున్న ఎర్రిస్వామి కడుపు పట్టుకుని సాళ్లలో కూలబడ్డాడు.

"పచ్చి చెనక్కాయలు మేకమాదిరి నమిల్తే నొప్పి రాదా?" అన్నాడు అన్న బొమ్మన్న.

"ఒక్కటీ తినలేదన్నా."

నీళ్లడగడానికి చేలోకి వచ్చిన బాటసారి ఒకడు వంగి చూశాడు.

"తిన్నాక నొప్పి ఇట్లా వచ్చి పోయేది ముందునుంచీ ఉండాదా?"

"చిన్నప్పట్నించీ," మూలిగాడు ఎర్రిస్వామి.

"గాలి పోతాందా?"

"నిన్నట్నించి లేదు."

బాటసారి కడుపు మీదికి చెయ్యి చాపాడు.

"ముట్టుకోవద్దు. ఎవరో ఏందో," అన్నాడు బొమ్మన్న.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "పేగు ఇరుక్కుండాదప్పా. తుమకూరుకు ఎత్తుకపోండి. కడుపు కొయ్యాల."

"గజ్జల్లో గడ్డే లేదు. పేగు యాడికి జారతాది?"

"బయటికే జారాలని లేదు. లోపల పొరలో సందుంటే ఆడనే దూరతాది. ఆముదం పెట్టి తోమించొద్దు."

"నువ్వు డాక్టరా?"

"కాదు."

"అయితే నీళ్లు తాగి పో."

బొమ్మన్న పైనుంచి పోశాడు. అతను దోసిలి పట్టి తాగి వెళ్లిపోయాడు.

ఊళ్లో కడుపులు తోమే సుంకమ్మను పిలిపించి, పొద్దుగూకేదాకా ఆముదంతో కడుపు తోమించారు.

మర్నాడు తుమకూరు బస్సులో తమ్ముడు ఒక్క మాటే అన్నాడు.

"ఆ మనిషి చెప్పినాడు కదన్నా."

ఆసుపత్రిలో కడుపు తెరిచేసరికి పేగు నల్లబడిపోయింది.

"పుట్టుకతోనే లోపలి పొరలో సందుంది. చాలా అరుదు. కోస్తేగానీ మాకే తెలియదు," అన్నాడు డాక్టరు. "నిన్ననే తెచ్చి ఉంటే పేగు వెనక్కి లాగి, సందు కుట్టేసేవాళ్లం."

మూడోనాడు ఎర్రిస్వామి పోయాడు.

దినాలు కాగానే బొమ్మన్న ఊరూరా అడుగుతూ పోయాడు. చివరికి పావగడ అంచున ఒక గుడిసె ముందు ఆ మనిషి కనిపించాడు. పేరు కాటయ్య.

"తమ్ముడు పోయినాడన్నా."

కాటయ్య చాప పరిచాడు.

"నీకెట్ల తెలిసింది?"

"తిని పోదువు, కూచో."

కాటయ్య భార్య నల్లమ్మ సంగటి పెట్టి, తానే చెప్పింది.

"మా పిల్లోడు చేలో వాంతులు చేసుకొని సచ్చిపాయె. పురుగుల మందు తాగినాడని పోలీసోళ్లు పోస్టుమార్టం చెయ్యమన్నారు. ఈడ శవాల గదిలో కోసేది ఈయనొక్కడే."

కన్నకొడుకు కడుపును తన చేత్తో తెరిచి ఆ సందును చూసిన మనిషి పక్కన కూర్చుని, బొమ్మన్న సంగటి తిన్నాడు.