సంచిలో మన్ను

"ఓ బాలవ్వా! నీ చెల్కల ఎవడో తవ్వుతుండు, ఉరుకు!"

సాయిలు కేక వినగానే బాలవ్వ చేతిలోని చాట అక్కడే పడేసి పరుగు తీసింది.

కొన్నాళ్లుగా ఊళ్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. గుట్ట కింద బంగారం, రాగి, వెండి ఉన్నాయేమో చూడటానికి సర్వేవాళ్లు వస్తున్నారట. పక్క ఊళ్లో ఇప్పటికే చేను చేనుకూ చిన్న గుంట తీసి, మన్ను గుడ్డ సంచుల్లో నింపుకుపోయారట. ముందు మన్ను పోతుంది, వెనకాలే భూమి పోతుందని రుద్రంగి దాకా ఒకటే పుకారు. ఊరి నుంచి పిడికెడు మన్ను కూడా బయటికి పోనివ్వొద్దని అందరూ ఒట్టు పెట్టుకున్నారు.

బాలవ్వకు మిగిలింది ఆ మెట్ట చేను, ఆ ఎర్రచెల్క ఒక్కటే.

కొడుకు రంజిత్ కరోనా రోజుల్లో సౌదీలో పోయాడు. శవం కూడా ఇంటికి రాలేదు. అక్కడే మట్టి చేశారు. దగ్గరుండి అన్నీ చేసిన తోటి పిల్లవాడెవడో ఫోన్ చేసి, పేరైనా చెప్పకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపే ఆమెకు దక్కింది.

మొన్న వచ్చిన భూముల బ్రోకరైతే మొహమాటం లేకుండా అనేశాడు. "కొడుకు రంజితే లేకపాయె, ఇంక చెల్కేం జేసుకుంటవవ్వా? అమ్ముకో."

ఆ మాట ఇంకా లోపల సలుపుతూనే ఉంది.

చెల్క గట్టు పక్కన ఒక మనిషి గొంతుక్కూర్చుని వట్టి చేతులతో గుంట తీస్తున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. చెప్పులు దూరంగా గట్టు మీద విడిచాడు. పక్కన మూతి కట్టిన గుడ్డ సంచి, నిండుగా ఉంది.

సాయిలు అతని గల్లా పట్టి లేపాడు. "దొరికినవు బిడ్డా! సర్వేవోనివా?"

"కాదన్నా... గీ చెల్క బాలవ్వదేనా?"

"సూసిండ్రా, పేర్లు సుత తెలుసుకొనే అచ్చిండు!"

జనం మూగారు. ఎవరో వీపు మీద గుద్దారు. బాలవ్వ మరిది కొడుకు శ్రీశైలం అడ్డం పడ్డాడు. అతనూ ఏళ్ల తరబడి సౌదీలో పనిచేసి వచ్చినవాడే.

"కొట్టకుండ్రి, కేసైతది."

బాలవ్వ ముందుకొచ్చింది. "నేనే బాలవ్వను. నా చెల్కల నీకేం పని?"

అతను ఆమె వైపు కళ్లార్పకుండా చూశాడు.

"అవ్వా... నీ కొడుకు రంజిత్..."

చెంప ఛెళ్లుమంది.

"నా కొడుకు పేరెత్తితే నాలుక కోస్త! మొన్నొకడు గిట్లనే మొదలువెట్టిండు. సచ్చినోని పేరు జెప్పి నా భూమి గుంజుకుంటరా?"

అతను మళ్లీ నోరు తెరిచాడు. జనం అరుపుల్లో ఆ మాట ఎవరికీ వినిపించలేదు.

"సంచిల మన్ను ఈడనే పొయ్యి!" బాలవ్వ ఊగిపోతోంది. "పిడికెడు సుత పోనియ్య."

ఆ మాటకు అతను తలెత్తాడు.

"గీ చెల్కల్నే పొయ్యాల్నా అవ్వా?"

"ఔ. ఈడనే. నా కండ్ల ముందట."

అతను మోకాళ్ల మీద కూర్చుని ముడి విప్పాడు. సంచి బోర్లించలేదు. దోసిటితో తీసి మెల్లమెల్లగా పోశాడు. ఎండకు అది తళుక్కుమంది.

"అగో, మెరుస్తుంది! మన భూమిల బంగారం ఉన్నట్టే!"

అందరి కళ్లూ దాని మీదే. పోసినవాడి ముఖం ఎవరూ చూడలేదు.

లేచి, గుక్కెడు మంచినీళ్లు అడిగాడు. బాలవ్వ ముఖం తిప్పుకుంది.

శ్రీశైలం అతన్ని బండి మీద తీసుకెళ్లి కోరుట్ల బస్సెక్కించి వచ్చాడు.

"ఏ ఊరోడట?" అంది బాలవ్వ.

"అడగలే పెద్దమ్మా. సీట్ల కూసున్నంక చిన్నపిలగాని తీర్గ ఏడ్సిండు. దెబ్బలకు గావచ్చు."

పొద్దు వాలుతుండగా సర్వేవాళ్ల జీపొచ్చింది. ఊరంతా కర్రలతో అడ్డం నిలబడింది. దిగిన అమ్మాయి పేరు మానస. తన గుడ్డ సంచులు విప్పి చూపించింది. అన్నీ ఖాళీయే.

"మేం రావడం ఇదే మొదలు. ఉందో లేదో చూడటమే మా పని. మీరు వద్దంటే వెళ్లిపోతాం."

"మరి పొద్దుగాల అచ్చినోడు?" సాయిలు గద్దించాడు.

"మావాళ్లెవరూ రాలేదే."

"రాలేదా? రా, సూడు. మా బంగారం ఎట్ల తవ్విండో!"

చెల్కలో ఎర్రమన్ను మీద లేత పసుపు కుప్ప. మానస చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది.

"బంగారం కాదన్నా, ఇసుక. మీ చెల్కది కాదు. ఇటువైపు ఇలాంటి ఇసుకే ఉండదు. ఎవరో బయటి నుంచి తెచ్చి పోశారు."

"తెచ్చి పోసుడేంది?" బాలవ్వ అయోమయంగా చూసింది. "ఎత్తుకపోతుండె గదా!"

శ్రీశైలం వంగి పిడికెడు తీసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి జారనిచ్చాడు. డ్యూటీ దిగిన ప్రతి సాయంత్రం బూట్లలోంచి దులుపుకున్న ఇసుక అది.

చప్పున లేచి, రెండడుగులు వెనక్కి వేసి, కాళ్ల చెప్పులు విడిచేశాడు.

"పెద్దమ్మా... గిది సౌదీ ఇసుక."

బాలవ్వ ఆ కుప్పను చూసింది. పక్కనే అతను చేతులతో తీసిన గుంటను చూసింది. తీసుకుపోవడానికి తవ్వింది కాదది, పూడ్చడానికి తవ్వింది.

అక్కడే కూలబడి ఆ ఇసుకను రెండు చేతులా ఒడిలోకి తీసుకుంది.

రంజిత్ సమాధి మీది మన్నును ఇంత దూరం మోసుకొచ్చి, ఆమె చేతి దెబ్బ తిని, గుక్కెడు నీళ్లకైనా నోచుకోకుండా వెళ్లిపోయినవాడు, ఆనాడు ఫోన్లో పేరు చెప్పకుండా ఏడ్చిన పిల్లవాడే.