రెండో వేలు

ఆఫీసు తలుపుకున్న వేలిముద్ర తాళం నడిపే ప్రోగ్రాంను నిస్సి రెండు తీర్ల పరీక్షించింది. వెయ్యిసార్లు ఊరికే నడిపితే తప్పు దొరకలే. ఎవరి వేలు ముందు, ఎవరిది వెనక అని ఒక్కో వరుస మార్చి నడిపితే దొరికింది. లోపల, బయట వేలు పెట్టే చోట్లల్ల రెండు వేళ్లు ఒక్కసారే పడితే తాళం బిగుసుకపోతది. ఇద్దరూ వేళ్లు తీసేదాక తెరుసుకోదు.

రాత్రయింది, పక్కనున్న చర్చి దిక్కు సప్పుడంతా అణిగింది. ఇంటికి పోదామని ఆమె తాళం మీద వేలు పెట్టింది. తలుపు కదలలే.

వాచ్‌మన్‌కు ఫోన్ చేసింది.

"సొలొమోనన్నా, బయట తాళం మీద నుంచి జర వేలు తియ్యవా?"

"నేను గేటు కాడ ఉన్న మేడం. పైన మీరొక్కరే ఉన్నరు."

నిస్సి తన వేలు తీసింది. తాళం మీది వేళ్లను సూపే ల్యాప్‌టాప్ తెర మీద ఒక వేలు గుర్తు పోయింది. రెండోది అట్లనే ఉంది.

దాని పక్కన "లోపలి నుంచి" అని ఉంది.