రాయని జవాబు

2021 మార్చి 10, ఉదయం తొమ్మిదింబావు. సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసి నెల దాటింది; ఎదిరించిన విద్యార్థుల కోసం వెతుకుతోంది. ఎండ తీవ్రంగా ఉంది, గాలి లేదు. తామ్వేలోని తమ టీ దుకాణం ఫేస్‌బుక్ పేజీని భానుప్రియ తెరిచింది. నిన్న తండ్రి సైనికులకు దోసెలు వడ్డిస్తున్న ఫొటో కింద నాలుగు వందల తిట్లున్నాయి.

"నాన్నా, మనల్ని సైన్యం కుక్కలంటన్నారు! అటక మీద ఇద్దరు స్టూడెంట్లని దాసినాం, సోల్జర్లు లోపలికి రాకుండా తిండి పెట్టినాం అని రాసేత్తాను."

ఒకప్పటి గోల్‌కీపర్ ధనరాజ్ గ్లాసులు కడుగుతూనే అన్నాడు.

"గేలరీ తిట్టిందని గోల్ ఒగ్గేసి ఎల్లి జవాబు సెప్తామేటి? నువ్వు రాసింది సోల్జర్లు సదవరా?"

"కొట్టు పోతాది నాన్నా."

"పోనీ. ఆళ్లింకా పైనే ఉన్నారు కదమ్మా."

భానుప్రియ రాసినదంతా చెరిపివేసింది.

మే నెలలో దుకాణం మూతపడింది. నాలుగేళ్ల తరువాత కూడా సైన్యానికి సాయపడ్డవారంటూ జనం పెట్టిన బహిష్కరణ జాబితాలో దాని పేరు అలాగే ఉంది. ఆ విద్యార్థులిద్దరూ బతికే ఉన్నారు.