బొగ్గు వేయని మడి

"రెండు గంపలూ ఒకే తూకం!" వ్యవసాయాఫీసు సారు కళ్ళద్దాలు తుడుచుకుని త్రాసు ముల్లు మళ్ళీ చూశాడు. "మూడు కోతలూ ఇదే వరస."

సోంపేట దాపున ఆ వంగతోటలో గట్టుకి ఇటు సోములు మడి, అటు అతని బావ ఢిల్లీరావు మడి. ఒకే ఇసక నేల, ఒకే నారు. సోములు మడిలో మాత్రం సారు బొగ్గు వేయించాడు. కొబ్బరి మట్టలు, జీడి కొమ్మలు ఆరుబయట తగలబెట్టి ఊరికి పొగ పెట్టకుండా, మూత డ్రమ్ములో కాల్చి, ఆవు పంచితంలో నానబెట్టిన బొగ్గు. మట్టిలో కలిపితే వందేళ్ళు ఉంటుందట. పంటకి పనికొచ్చిందో లేదో మాత్రం బొగ్గు వేయని పక్క మడితో పోలిస్తేనే తేలేది.

"నువ్వేమీ వెయ్యలేదు కదా?" అడిగాడు సారు.

"నానా? పిడికెడు కూడా ఎయ్యనేదు సార్!" ఢిల్లీరావు తలగుడ్డ సర్దుకున్నాడు. "సేతిలో సలవుండాల గాని, మసి పూత్తే పంట పండుతాదేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. సోములు మొహం మాడిపోయింది. ఢిల్లీరావుకి కావలసింది అదే. సారు స్కూటరు ఎప్పుడొచ్చినా సోములు గుమ్మంలోనే ఆగేది. ఫొటో కూడా సోములుకే తీశారు. అది చూసిన నాటి నుంచి ఢిల్లీరావుకి అన్నం సయించలేదు. సోములు జీడిపిక్కలు అమ్మడానికి పలాస వెళ్ళినప్పుడల్లా గట్టు దాటి, నానిన బొగ్గు గంపలకెత్తి తెచ్చి, తన మొక్కల మొదట్లో పాతి పైన ఇసక కప్పాడు. బావమరిది కంటే ఒక్క కాయ తగ్గకూడదు!

"ఒక్కపాలి మల్లీ తూసి సూడండి సార్," బతిమాలాడు సోములు.

"ఎన్నిసార్లు తూచినా అంతేనయ్యా. వేసినా వేయకపోయినా పంట ఒకటే అయినప్పుడు ఈ పథకం దండగ."

"పోన్లేరా బామ్మర్దీ, సేతులు కడుక్కో," నవ్వాడు ఢిల్లీరావు.

సారు సంచిలోంచి ఒక కాగితం తీసి కలం మూత విప్పాడు.

"ఏటది సార్?"

"బొగ్గు పని చేస్తే వచ్చే ఏడు ఊళ్ళో ఇంకొక్కరికి కొత్త డ్రమ్ము, నీళ్ళ ఇంజనూ ఇద్దామనుకున్నాం. ఎవరికివ్వాలో సోములునే రాయమన్నాను."

ఢిల్లీరావు మెడ సాచి చూసేలోగా, సోములు వంకర అక్షరాలతో రాసిన 'మా బావ ఢిల్లీరావు' మీద సారు అడ్డంగా గీత గీసేశాడు.