యుద్ధాన్ని పొడిగించిన అమ్మాయి

నవలలో ఆ అమ్మాయి రావడమే నలభయ్యో పేజీలో. వచ్చీ రాగానే రచయిత ఆమెకి పెద్ద పాదాలు అంటగట్టాడు.

ఆ వాక్యం పైకి చదువుతున్న మనిషి టక్కున తన కాళ్లు కుర్చీ కిందకి లాక్కుంది. ఎదురుగా కూర్చున్నాయనకి చూపు లేదన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

చూపు లేనివాళ్లకి పుస్తకాలు చదివిపెట్టడం లైబ్రరీలో ఆమె ఉద్యోగం. ఆయన బ్యాంకులో పనిచేస్తాడు. ఒక సాయంత్రం ఆమె ఎవరో విద్యార్థికి లా పుస్తకం చదువుతుంటే, పక్క కుర్చీలో కూర్చుని చివరిదాకా విన్నాడు. మర్నాడు ఈ యుద్ధం నవల పేరు తనే చెప్పి, చదవమన్నాడు. అప్పట్నుంచి రోజూ వస్తున్నాడు. ఆ రావడం ఆమెకి అలవాటైపోయింది. చిక్కంతా అక్కడే.

నవలలో సైనికుడి కుడిచేతికి తూటా తగులుతుంది. ఊళ్లో ఉన్న ప్రియురాలికి అతను చెప్పే ఉత్తరాలన్నీ ఆసుపత్రిలో ఈ పెద్ద పాదాల అమ్మాయే రాసిపెడుతుంది. రాస్తూ రాస్తూ మనసు పారేసుకుంటుంది. అతను మాత్రం ప్రియురాలి కళ్ల దగ్గరే ఆగిపోతాడు.

ఇంకొకరి ప్రేమకి గుమాస్తాగిరీ అంటే ఇదే కదా అని ఈమెకి ఒళ్లు మండింది. ఆ కళ్ల వర్ణన రెండు పేరాలు చదవకుండా మింగేసింది. ఆయన చిన్నగా దగ్గాడు. తర్వాతి పేరాకి చెవి ఒగ్గాడు.

ఆ ధైర్యంతో మర్నాడు పెద్ద పాదాల అమ్మాయి చేత సొంతంగా నాలుగు మాటలు మాట్లాడించింది. ఆయన నవ్వాడు. ఇంక ఆగుతుందా.

పేజీలు అయిపోవచ్చాయి. పుస్తకం అయిపోతే ఆయన రావడమూ అయిపోతుంది. పైగా యుద్ధం ముగిస్తే సైనికుడు నేరుగా ప్రియురాలి దగ్గరికి పోతాడు. అందుకని పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని, యుద్ధాన్ని తనే నడిపించింది. వంతెనలు కూల్చింది. సైనికుణ్ణి ఊరికి చేర్చే రైలు పట్టాలు పీకించింది. తప్పనిసరై ఒక సేనాపతిని చంపింది కూడా. ఇంట్లో బొద్దింక కనిపిస్తే మంచమెక్కే మనిషి, తన స్వార్థానికి ఇంత రక్తం పారించింది.

ఓ సాయంత్రం ఆయన వెళ్లాక లైబ్రేరియనక్క వచ్చి పుస్తకం చేతిలోకి తీసుకుని చూసింది.

"ఇంత పుస్తకం ఎంతకీ తెమలదేమే? అసలు యుద్ధమే ఇంతకంటే ముందు ముగిసుంటుంది."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. చూపు లేని మనిషిని మోసం చేస్తూ, దానికి ప్రేమని పేరొకటి. మర్నాడు బుద్ధిగా పుస్తకం తెరిచి, చివరి పేజీలు ఉన్నవి ఉన్నట్టు చదివేసింది. యుద్ధం ముగిసింది. సైనికుడు రైలెక్కి ప్రియురాలి దగ్గరికి వెళ్లిపోయాడు. పెద్ద పాదాల అమ్మాయికి రచయిత ఒక్క వాక్యం పడేశాడు. ఆమె ప్లాట్‌ఫాం మీద నిలబడి చెయ్యి ఊపింది, అంతే.

"అయిపోయిందండీ," అంది.

రేపట్నుంచి ఆయన రాడు. తనూ చెయ్యి ఊపాలి కాబోలు. ఊపినా ఆయనకి కనిపించదు, ఆ ముచ్చటా లేదు.

ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"రేపట్నుంచి మళ్లీ మీ యుద్ధమే కానివ్వండి," అన్నాడు, "ఈ ముగింపు బ్రెయిల్‌లో రెండుసార్లు చదివాకే నేను మీ దగ్గరికొచ్చాను."